దుప్పట్లు తర్వాత, ముందు పేర్లు రాయండి

డిసెంబర్ వచ్చిందంటే మా కాలనీ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది: దుప్పట్లకి తలా 500 వేయండి, శనివారం రాత్రి నాంపల్లి స్టేషన్ దగ్గర పంచుదాం. మేమూ నాలుగేళ్ళు పంచాం. నాలుగో ఏడాది ఒక ముసలాయన నా చేతిలో దుప్పటి చూసి నవ్వాడు. "ఇయ్యాల మీరు మూడో బ్యాచి సార్, పొద్దుగాల ఇవన్నీ ఏడ పెట్టుకోవాలె?" అన్నాడు. తల కింద అప్పటికే రెండు కొత్త దుప్పట్లున్నాయి, కవర్ కూడా విప్పలేదు. అక్కడికి పది నిమిషాల నడకలో, నిలోఫర్ గోడ పక్కన, మనవణ్ణి ఆస్పత్రిలో చేర్పించి అట్టముక్క మీద ముడుచుకుని పడుకున్న పెద్దమ్మకి మాత్రం ఒక్కటీ అందలేదు. దుప్పట్లు తక్కువై కాదు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి ఏం కావాలో రాసిపెట్టుకున్నవాళ్ళు లేక.

హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్ళకి కొదవ లేదు. జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్లున్నాయి, 5 రూపాయల భోజనం ఉంది, గురుద్వారాల వాళ్ళు, దర్గాల దగ్గర అన్నం పెట్టేవాళ్ళు, కాలేజీ పిల్లలు, స్వచ్ఛంద సంస్థలు, అందరూ ఉన్నారు. వీళ్ళంతా ఒకచోట కూర్చునే బల్ల ఒకటి లేదు, అంతే. ఆ బల్ల ఎలా వేయాలో మాకు అనుభవం మీద తెలిసినంత వరకు చెప్తాను. వరంగల్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు ఆఫీసుల పేర్లు మార్చుకుంటే చాలు.

ముందు ఊరంతా బాగు చేద్దామన్న ఆలోచన మానుకోండి. ఒక ముక్క ఎంచుకోండి, నడిచి గంటన్నరలో చుట్టి రాగలిగేంత. మేం నాంపల్లి స్టేషన్ నుంచి రెడ్‌హిల్స్ వరకు తీసుకున్నాం, ఎందుకంటే స్టేషను, దర్గా, నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి అన్నీ అందులోనే పడతాయి. మీకు అఫ్జల్‌గంజ్, ఉస్మానియా, ఇమ్లీబన్ బస్టాండ్ కలిపి ఒక ముక్క కావచ్చు, సికింద్రాబాద్ స్టేషను, మోండా మార్కెట్ ఇంకో ముక్క. ముక్క చిన్నదైతేనే పేరుపేరునా గుర్తుంటారు. పెద్దదైతే మళ్ళీ అంకెలే మిగులుతాయి.

తర్వాత లెక్క. 2011 జనగణనలో ఇళ్ళు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు, దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు, అందులో 9.4 లక్షలు పట్టణాల్లోనే. ఒక్క రాత్రిలో దొరకనివాళ్ళు ఎంతమందో మీరు ఒకసారి తిరిగితే మీకే తెలుస్తుంది. రాత్రి పదకొండు దాటాక వెళ్ళండి. అంతకుముందు వెళ్తే షాపుల మెట్ల మీద పడుకునేవాళ్ళు ఇంకా రారు, షట్టర్ దింపేదాకా ఎక్కడో తిరుగుతుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ ఒకసారి వెళ్ళండి, ఎందుకంటే అడ్డా కూలీలు ఐదింటికల్లా లేచి వెళ్ళిపోతారు. ఆదివారం వద్దు, చాలామంది తాగి ఉంటారు, మాట్లాడలేరు. మంగళవారమో బుధవారమో మేలు.

ఒక్కో జట్టులో నలుగురు చాలు, అందులో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి, హిందీ బాగా వచ్చినవాళ్ళు ఒకరుండాలి, మరాఠీయో కన్నడమో వచ్చినవాళ్ళు దొరికితే ఇంకా మంచిది. అందరికంటే ముఖ్యమైన మనిషి ఆ మూల మీద అర్ధరాత్రి దాకా టీ అమ్మే అన్న. ఆయన పక్కనుంటే "వీళ్ళు మనోళ్ళే" అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది, లేకపోతే మిమ్మల్ని చూసి సగం మంది పోలీసులనుకుని లేచి వెళ్ళిపోతారు. నిద్రపోతున్నవాళ్ళని లేపకండి, చోటు రాసుకుని మర్నాడు రండి. ఫొటోలు తీయకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మొదటి రాత్రే ఎవరో ఒకరు సెల్ఫీ తీస్తారు, ఆ మనిషిని రెండోసారి తీసుకెళ్ళకండి.

ఏం రాయాలి? ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో ఆ పేరు, సుమారు వయసు, సొంతూరు, ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి, పగలు ఏం పని, ఒంట్లో ఏం బాలేదు, ఏ కాగితాలున్నాయి, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడుతున్నారా. చివర్లో ఒక ప్రశ్న: "ఇప్పుడు ఒక్కటి కుదిరితే బాగుండు అంటే ఏమంటారు?" ఆ జవాబు వాళ్ళ మాటల్లోనే రాయండి. మేం "ఇల్లు" అంటారనుకున్నాం. ఒకాయన కళ్ళద్దాలన్నాడు. ఒకామె తన మూటకి తాళం వేసే చోటు కావాలంది. ఒక కుర్రాడు ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లట్లేదు, ఎవరైనా ముందు నాన్నకి ఫోన్ చేసి మాట్లాడాలి అన్నాడు. నోటుబుక్‌లో రాసిన వివరాలు ఇద్దరి దగ్గరే ఉండాలి, వాట్సాప్‌లో పెట్టకూడదు. పెద్ద జాగ్రత్త ఇది.

పట్టిక చేతికొచ్చాక కూర్చుని విడదీయండి. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మనం "రోడ్డు మీద పడుకునేవాళ్ళు" అని ఒకే మూట కడతాం కానీ, ఒక్కొక్కరికి వెళ్ళాల్సిన తలుపు వేరు. ఆస్పత్రికి పేషెంటుతో వచ్చినవాళ్ళకి ఇల్లుంది, ఊళ్ళో పొలం కూడా ఉండొచ్చు, వాళ్ళకి కావాల్సింది పది రోజులో ఇరవై రోజులో పడుకునే చోటు, స్నానం, ఫోన్ ఛార్జింగ్. వాళ్ళని పునరావాస కేంద్రానికి తీసుకెళ్తామంటే తిడతారు, న్యాయమే. అడ్డా కూలీలకి సంపాదన ఉంది. మహబూబ్‌నగర్ వైపు నుంచో, నాందేడ్ నుంచో, రాయచూర్ నుంచో వచ్చి, గది అద్దె మిగిలితే ఇంటికి పంపొచ్చని బయట పడుకుంటారు. పని దొరకని వారం వస్తే అదీ ఉండదు. ఇంట్లోంచి గెంటేసిన ముసలివాళ్ళ కథ వేరు, వాళ్ళ కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, పిల్లల మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళే హక్కు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఇచ్చింది, అయితే చాలామంది కొడుకు మీద కంప్లైంటా అని చేతులు జోడిస్తారు. బలవంతం చేయకండి. ఒంటరి ఆడవాళ్ళకి 181, పిల్లలు కనిపిస్తే 1098, ఆ రెండింటిలో ఒక్క రాత్రి కూడా ఆలస్యం కూడదు. ఇక మతిస్థిమితం లేనివాళ్ళు, తాగుడుకి బానిసలైనవాళ్ళు. వీళ్ళ గురించి కింద విడిగా రాస్తాను.

ఇప్పుడు బల్ల. ఎవరెవరు రావాలి అంటే, జీహెచ్‌ఎంసీలో యూసీడీ (పట్టణ సమాజాభివృద్ధి) విభాగం వాళ్ళు ముందు. చాలామందికి ఈ విభాగం పేరే తెలీదు, 1967 నుంచి ఉంది, షెల్టర్ల బాధ్యత వీళ్ళదే. జిల్లా పట్టణాల్లో ఐతే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆఫీసుకి వెళ్ళండి. తర్వాత లోకల్ పోలీస్ స్టేషన్ నుంచి రాత్రి పెట్రోలింగ్ చేసే కానిస్టేబుల్ (ఇన్‌స్పెక్టర్ వస్తే సంతోషం, కానీ ఎవరు ఎక్కడ పడుకుంటారో తెలిసింది కానిస్టేబుల్‌కే), రైల్వే పోలీసులు, ఆస్పత్రి ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసు నుంచి ఒకరు, షెల్టర్ మేనేజర్, బస్తీ దవాఖాన డాక్టర్‌గారో నర్సమ్మో, అన్నం పెట్టే సంస్థల వాళ్ళు, అడ్డా మేస్త్రీ. వీటికి తోడు ఒకప్పుడు రోడ్డు మీద పడుకుని ఇప్పుడు గదిలో ఉంటున్న మనిషి ఒకరైనా. ఆ ఒక్కరు లేకపోతే మీటింగ్‌లో అందరం మన ఊహలే మాట్లాడుకుంటాం.

మొదటి మీటింగ్‌కి ముగ్గురే వస్తారు, టెన్షన్ పడకండి. వారం వారం అదే రోజు, అదే టైము, అరగంటే, టీ తప్ప ఏమీ లేదు, శాలువాలు అసలే లేవు. కార్పొరేటర్‌గారిని పిలవండి కానీ ప్రతి వారం వద్దు, ఆయనొస్తే మీటింగ్ కాస్తా సభ అవుతుంది. మాట్లాడేది పథకాల గురించి కాదు, పేర్ల గురించి. ఫలానా ఎల్లయ్య అనుకుందాం, స్టేషన్ ముందు, కాలికి పుండు. ఎవరు తీసుకెళ్తారు? ఏ రోజు? వచ్చే వారం జవాబు ఎవరు చెప్పాలి? ఈ మూడూ రాసుకుని తర్వాతి పేరుకి వెళ్ళాలి. ఇది రాసి, ఫోన్లు చేసి, గుర్తుచేసి, తిట్లు తినే మనిషి ఒకరుండాలి. అది ఎవరి ఖాళీ టైములోనో చేసే పని కాదు, వీలైతే నెలకి కొంత జీతం ఇచ్చి పెట్టుకోండి. దుప్పట్ల చందా దానికి సరిపోతుంది, నేను లెక్క వేసి చూశాను.

పెద్ద ఊరిలో ఇది పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకి హ్యూస్టన్ సంగతి చెప్తాను, మనవాళ్ళు కూడా బోలెడుమంది ఉన్న ఊరే. అక్కడా ఒకప్పుడు ఒక్కో సంస్థ ఒక్కో దారిలో పోయేది. 2012 ప్రాంతంలో వంద దాకా సంస్థలు, నగరం, కౌంటీ కలిసి ఒకే పట్టిక, ఒకే వరస, ఒకే లెక్కల పద్ధతి పెట్టుకున్నాయి. ముందు మందు మానెయ్, ముందు ఉద్యోగం చూసుకో అనే షరతులు లేకుండా నేరుగా అద్దె ఇంట్లో పెట్టి, ఆ తర్వాత మిగతా సాయం చేశారు. 2022 నాటికి 25,000 మందికి పైగా అలా ఇళ్ళలోకి వెళ్ళారు, గూడు లేనివాళ్ళ సంఖ్య సగానికి పైగా తగ్గింది. వాళ్ళకి కేంద్రం నుంచి అద్దె డబ్బు వచ్చింది, మనకి రాదు, అందుకని అచ్చంగా కాపీ కొట్టలేం. కానీ ఒకే పట్టిక పెట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

షెల్టర్ల సంగతి. 2001లో మొదలైన ఆహార హక్కు కేసులోనే 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలంది, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ఇంకా వివరంగా చెప్పాయి: లక్ష జనాభాకి కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, సామాన్లకి లాకర్, స్టేషన్లూ బస్టాండ్లూ మార్కెట్ల దగ్గర్లోనే కట్టాలి అని. 2011 లెక్కల్లోనే జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు, అంటే 67 షెల్టర్లైనా ఉండాలి. ఇప్పుడు మీ సర్కిల్‌లో ఎన్ని ఉన్నాయో 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి, ఒక్కోదాంట్లో రోజూ ఎంతమంది పడుకుంటున్నారో రిజిస్టర్ కాపీ కూడా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తమాషా ఏంటంటే ఉన్న షెల్టర్లలో కూడా మంచాలు ఖాళీగా కనిపిస్తాయి, బయట ఫుట్‌పాత్ నిండి ఉంటుంది. "వాళ్ళకి అలా పడుకోవడమే ఇష్టం సార్" అంటారు ఆఫీసుల్లో. ఆ మాట నమ్మకముందు మీరే ఒక రాత్రి షెల్టర్‌లో పడుకోండి. నేను పడుకున్నాను. ఎక్కడో చెప్పను, కానీ పొద్దున ఆరింటికి లేపి బయటికి పంపారు, నా బ్యాగుకి తాళం లేదు, పక్క మంచం మీద మనిషి రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. తోపుడు బండి పెట్టుకోవడానికి చోటు లేక ఒకాయన గేటు దాకా వచ్చి వెనక్కెళ్ళాడు. బండి పోతే బతుకే పోతుంది కదా, ఆయన బండి మీదే పడుకుంటాడు. భార్యాభర్తలు ఐతే విడివిడిగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ కోట్ల పని కాదు. లాకర్లు, బండ్లకి గొలుసు కట్టే కడ్డీ, పగలు తలుపు తెరిచి ఉంచడం, వారానికోసారి టీబీ పరీక్ష. మీ బల్ల దగ్గర మొదటి మూడు నెలల్లో సాధించదగ్గవి ఇవే, కొత్త బిల్డింగ్ అడగడం కంటే ముందు.

కాగితాలు. ఇది విసుగు పని, అందుకే ఎవరూ చేయరు, అందుకే మీరు చేయాలి. ఆధార్ లేకపోతే పెన్షన్ రాదు, బ్యాంకు ఖాతా రాదు, అడ్రస్ లేకపోతే ఆధార్ రాదు అని చాలామంది అనుకుంటారు. గుర్తింపు ఉన్న షెల్టర్ హోమ్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్ ఆధార్‌కి చెల్లుతుంది, ఆ ఫారం నమూనా ప్రింట్ తీసి షెల్టర్ మేనేజర్ దగ్గర ఒక కట్ట పెట్టండి. ఓటుకి ఐతే అడ్రస్ కాగితమే అక్కర్లేదు. ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ లెవల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి, ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతే ఇది. ఈ ముక్క చెప్తే మా ఏరియా ఆఫీసర్ నవ్వాడు, రూల్ కాగితం చూపించాక నవ్వలేదు. ఓటు వచ్చిన తర్వాత ఇంకో లాభం కూడా ఉంది, ఫుట్‌పాత్ ఖాళీ చేయించే ముందు లీడర్లు రెండుసార్లు ఆలోచిస్తారు.

మతిస్థిమితం లేనివాళ్ళ విషయంలో ఎవరికి వాళ్ళు మన పని కాదంటారు. చట్టం స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం, తన స్టేషన్ పరిధిలో మానసిక జబ్బుతో, తన బాగోగులు తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ ఇన్‌ఛార్జి, అంటే ఎస్‌హెచ్‌ఓ బాధ్యత. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, లాకప్‌లో పెట్టకూడదు, గూడు లేని మనిషైతే మిస్సింగ్ కేసు రాసి ఇంటివాళ్ళని వెతకాలి. కాబట్టి నోటి మాటగా చెప్పకుండా, సెక్షన్ నంబర్ రాసి, ఏ చోటు, ఏ తేదీ నుంచి కనిపిస్తున్నారు, ఏం తింటున్నారు, ఇవన్నీ ఒక పేజీలో రాసి స్టేషన్‌లో ఇచ్చి స్టాంప్ వేయించుకోండి. అక్కడి నుంచి దారి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి. అసలు చిక్కు ఎర్రగడ్డ నుంచి బయటికొచ్చాక వస్తుంది: మందుల చీటీ చేతిలో పెట్టి పంపితే రెండు వారాల్లో మళ్ళీ అదే ఫ్లైఓవర్ కింద కనిపిస్తారు. డిశ్చార్జ్ రోజు ముందే తెలుసుకుని ఎవరో ఒకరు గేటు దగ్గరుండాలి, ఉండడానికి చోటు, నెల మందులు, వారానికోసారి పలకరించే మనిషి, మూడూ అప్పటికే సిద్ధంగా ఉండాలి.

సరిగ్గా ఈ డిశ్చార్జ్ మాటే మిగతా చోట్లా పనికొస్తుంది. ఎంతమందిని పైకి తీసినా కొత్తవాళ్ళు వస్తూనే ఉంటే పట్టిక తగ్గదు. ఎక్కడి నుంచి వస్తున్నారో మీ నోటుబుక్కే చెప్తుంది. మా దాంట్లో ఆస్పత్రులు ముందున్నాయి: కాలు తీసేసి, కుట్లు ఆరాక ఇంటికెళ్ళమంటే వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళు. వాళ్ళ పేరు బెడ్ మీద ఉండగానే బల్ల దగ్గరికి రావాలి. పిల్లల హోముల్లో 18 నిండగానే బయటికొచ్చే కుర్రాళ్ళు ఇంకొందరు, వాళ్ళకి 21 ఏళ్ళ దాకా ఆసరా ఇవ్వొచ్చని బాలల న్యాయ చట్టంలో ఉంది, అడిగేవాళ్ళు లేరు. జైలు నుంచి విడుదలైనవాళ్ళు, బస్తీ కూల్చినప్పుడు చెల్లాచెదురైనవాళ్ళు కూడా ఉంటారు.

పని ఉండీ గది లేనివాళ్ళకి మాత్రం దారి సులువు. అడ్డు వచ్చేది నెల అద్దె కాదు, అడ్వాన్సు, పైగా ఓనర్‌కి పూచీ. ముగ్గురు కలిసి ఒక గది తీసుకుంటే అద్దె వాళ్ళే కట్టుకోగలరు. కాబట్టి చందా డబ్బుని అడ్వాన్సుల నిధిగా తిప్పండి, గది ఖాళీ చేసినప్పుడు డబ్బు వెనక్కొస్తుంది, ఇంకొకరికి వెళ్తుంది. ఓనర్‌కి మీ ఫోన్ నంబర్ ఇవ్వండి, గొడవొస్తే అర్ధరాత్రైనా ఎత్తండి. మొదటి రెండు నెలలు వారానికోసారి వెళ్ళి టీ తాగి రండి. తాగుడు మానలేదని గది తీసేయకండి. తాగుతూ గదిలో ఉన్నవాణ్ణి మాన్పించడమే కష్టం, ఇక తాగుతూ రోడ్డు మీదున్నవాణ్ణి ఎలా మాన్పిస్తారు?

చేయకూడనిది ఒకటుంది. పెద్దవాళ్ళెవరో ఊరికి వస్తున్నారంటే ఒక్కసారిగా రోడ్ల మీద మనుషుల్ని వ్యాన్లలో ఎక్కించేస్తారు. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ సదస్సుకి ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించి ఇలాగే తరలించారు. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు ఐతే అక్కడ భిక్షాటనని నేరంగా చూసే సెక్షన్లనే కొట్టేసింది. అలాంటి తరలింపుకి మీ పట్టిక ఒక్కసారి వాడనిచ్చారా, ఆ తర్వాత ఎవరూ మీకు పేరు చెప్పరు. ఈ ఒక్క విషయంలో పోలీసులతో మొహమాటం వద్దు, మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోండి.

మూడు నెలలకోసారి మళ్ళీ లెక్క పెట్టండి, అదే ముక్క, అదే టైము. ఎంతమందికి భోజనం పెట్టాం అన్నది రాయకండి. ఎన్ని పేర్లు పట్టికలోంచి వెళ్ళాయి, ఎక్కడికి వెళ్ళాయి, ఎన్ని కొత్తగా చేరాయి, అంతే. వెళ్ళిన పేరు పక్కన కారణం ఖాళీగా ఉంటే గది దొరికిందనో ఊరెళ్ళారనో అనుకుని కొట్టేయకండి. పక్క ముక్క వాళ్ళని అడగండి, టీ అన్నని అడగండి, ఉస్మానియా, గాంధీ వార్డుల్లో చూడండి. చివరికి మార్చురీకి కూడా వెళ్ళాలి. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి మనిషి విసుక్కుంటూనే ఫొటోలు చూపించాడు. నాలుగో ఫొటో కళ్ళద్దాలడిగిన ఆయనది. కింద గుర్తు తెలియని పురుషుడు, సుమారు 60 అని రాసి ఉంది. మా నోటుబుక్‌లో పేరుంది, ఊరుంది, చెల్లెలి ఫోన్ నంబర్ ఉంది. ఆ రాత్రే ఫోన్ చేశాం.